ఎం. కృష్ణన్ (ప్రకృతి పరిశీలకుడు)

మాధవయ్య కృష్ణన్ (జూన్ 30, 1912 - ఫిబ్రవరి 18, 1996) ప్రముఖ భారతీయ ప్రకృతి పరిశీలకుడు, రచయిత, చిత్రకారుడు, వన్యప్రాణి ఛాయాగ్రాహకుడు. ఎం. కృష్ణన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఈయన, కలకత్తా నుండి వెలువడే ద స్టేట్స్‌మన్ పత్రికలో "కంట్రీ నోట్‌బుక్" అనే పాక్షిక శీర్షికను 1950 నుండి 1996 వరకు, అనగా 46 సంవత్సరాల పాటు, నిర్వహించాడు. దక్షిణ భారతదేశపు అడవులలోని ఏనుగులు, అడవి దున్నలు, జింకల జీవితాన్ని నలుపు తెలుపు ఛాయాచిత్రాలలో భద్రపరచాడు. ఒక తయారీదారుని కెమెరాకు మరొక తయారీదారుని టెలీఫోటో కటకాన్ని తానే అమర్చుకొని పనిచేయడం ఈయన ప్రత్యేకత. భారత ప్రభుత్వం ఈయనకు పద్మశ్రీ పురస్కారాన్ని ప్రదానం చేసింది. పరికరాన్ని జంతువుకు, నేలకు, తన నడకకు తగినట్లుగా ఎంచుకోవాలన్న కృష్ణన్ పద్ధతి, చిన్న మిర్రర్‌లెస్ కెమెరాతో పల్నాడు వంటి ప్రాంతాలలో వన్యప్రాణులను చిత్రించే నేటి వారికి కూడా ఉపయోగపడుతుంది.

కుటుంబం, బాల్యం

కృష్ణన్ తిరునల్వేలిలో జన్మించాడు. ఎనిమిది మంది సంతానంలో ఈయన అందరికంటే చిన్నవాడు. తండ్రి ఎ. మాధవయ్య (1872-1925) తొలితరం తమిళ నవలాకారులలో ఒకడు, సంఘ సంస్కరణాభిలాషి. ఆయన మద్రాసు ప్రభుత్వపు ఉప్పు, ఆబ్కారీ శాఖలో ఉద్యోగం చేశాడు. 1925లో తండ్రి మరణించే నాటికి కృష్ణన్ వయసు 13 సంవత్సరాలు. ఆ తరువాత పెద్దక్క లక్ష్మి కుటుంబ భారాన్ని స్వీకరించింది. అన్న ఎం. అనంతనారాయణన్ ఐ.సి.ఎస్. అధికారియై, తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు.

కుటుంబం మద్రాసులోని మైలాపూరులో నివసించేది. ఆ కాలంలో మైలాపూరు పరిసరాలు చిట్టడవితో నిండి ఉండేవి. పక్షులతో పాటు నక్కలు, కృష్ణజింకలు కూడా అక్కడ కనిపించేవి. పదకొండేళ్ళ వయసులో కృష్ణన్ ఒక ముంగిసను పెంచుకున్నాడు. జంతువులను చూడడానికి దూరపు అడవులకే పోనవసరం లేదనే ఈయన అభిప్రాయానికి బీజం ఇక్కడే పడినది. తరువాతి కాలంలో కాకి, ఉడుత, తొండ వంటి పెరటి ప్రాణుల గురించి కూడా అడవి ఏనుగుల గురించి వ్రాసినంత శ్రద్ధతోనే వ్రాశాడు.

విద్యాభ్యాసం

హిందూ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, 1927లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. 1931లో బి.ఎ. పట్టా పొందాడు. అక్కడ వృక్షశాస్త్రాచార్యుడైన పి. ఎఫ్. ఫైసన్ ప్రభావం ఈయనపై బలంగా పడినది. నీలగిరి, పళని కొండల వృక్షసంపదపై ప్రామాణిక గ్రంథం రచించిన ఫైసన్, తన క్షేత్ర పర్యటనలకు కృష్ణన్‌ను వెంట తీసుకొని వెళ్ళేవాడు. ఫైసన్ భార్య వద్ద కృష్ణన్ నీటిరంగుల చిత్రలేఖనంలోని మెళకువలు నేర్చుకున్నాడు. మొక్కను పరిశీలించి ఆకు అమరికను, పువ్వు భాగాలను ఉన్నదున్నట్లుగా గీయవలసిన ఈ శిక్షణ, తరువాత జంతువులను చూచే తీరుకు కూడా పునాది అయినది.

పరీక్షలలో కృష్ణన్ గొప్పగా రాణించలేదు. కుటుంబం ఒత్తిడితో న్యాయశాస్త్రం చదివి 1936లో పట్టా పుచ్చుకున్నాడు గాని, న్యాయవాద వృత్తి ఈయనకు రుచించలేదు. 1937 మార్చి 26న ఇందుమతి హస్బనిస్‌ను వివాహమాడాడు.

ఉద్యోగాలు

వివాహానంతరం కొంతకాలం జీవనోపాధి కష్టమైనది. చిన్న పత్రికలకు వ్యాసాలు వ్రాయడం, బొమ్మలు, వ్యంగ్య చిత్రాలు గీయడం ద్వారా కొద్దిపాటి ఆదాయం వచ్చేది. అసోసియేటెడ్ ప్రింటర్స్, మద్రాసు చిత్రకళా పాఠశాల, ఆకాశవాణి సంస్థలలో స్వల్పకాలం పనిచేశాడు. ఏ ఒక్కచోటా స్థిరపడలేదు.

సండూరు జీవితం

1942లో సండూరు సంస్థానంలో ఉద్యోగం లభించినది. బళ్ళారి జిల్లా మధ్యలో ఘోర్పడే వంశీయుల పాలనలో ఉన్న చిన్న సంస్థానం ఇది. చుట్టూ ఇనుము, మాంగనీసు ఖనిజాలు గల కొండలు, మధ్యన లోయ. కన్నడం, తెలుగు, మరాఠీ కలిసి వినిపించే ప్రాంతం. కృష్ణన్ ఇక్కడ ఉపాధ్యాయుడుగా, న్యాయాధికారిగా, ప్రచార అధికారిగా, మహారాజుకు రాజకీయ కార్యదర్శిగా వివిధ బాధ్యతలు నిర్వహించాడు.

ఈ ఉద్యోగాలు ఈయనకు తీరికను, అడవిని ఇచ్చాయి. కొండలలో తిరుగుతూ జంతువులను పరిశీలించేవాడు. గొర్రెలను మేపి చూశాడు. పావురాల టపా కొరకు పావురాలను పెంచాడు. గొర్రెల కాపరికి తన మంద చుట్టూ తిరిగే తోడేలును గూర్చి, గాలి వాటం గూర్చి, గడ్డి ఎండే కాలం గూర్చి తెలిసి ఉండాలి. కృష్ణన్ ఈ జ్ఞానాన్ని పుస్తకాల నుండి గాక నేలమీద సంపాదించాడు. 1949లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో విలీనమైనది. ఆపై కృష్ణన్ మద్రాసుకు తిరిగి వచ్చాడు.

సండూరు రాజకుటుంబానికి చెందిన ఎం. వై. ఘోర్పడే (1931-2011) కూడా తరువాత పేరుపొందిన వన్యప్రాణి ఛాయాగ్రాహకుడైనాడు. కర్ణాటక ఆర్థిక మంత్రిగా పనిచేసిన ఘోర్పడే ప్రచురించిన "సన్‌లైట్ అండ్ షాడోస్" (1983) ఒక వన్యప్రాణి ఛాయాగ్రాహకుని దినచర్య రూపంలో ఉన్న గ్రంథం.

మద్రాసులో రచనా వ్యాసంగం

1949 తరువాత కృష్ణన్ మరల ఏ ఉద్యోగంలోనూ స్థిరంగా చేరలేదు. రచన, చిత్రలేఖనం, ఛాయాగ్రహణం ఆధారంగానే జీవించాడు. ఆ కాలంలో దేశంలో ఇటువంటి జీవనం గడపగలిగిన ప్రకృతి రచయితలు చాలా అరుదు. 1950లో ద స్టేట్స్‌మన్ పత్రికలో ప్రారంభమైన "కంట్రీ నోట్‌బుక్" శీర్షికకు పలుమార్లు తన బొమ్మలనే జతచేసేవాడు. చిన్న వ్యాసంలో ఒక జీవి, ఒక ప్రవర్తన, ఒక సందేహం, తాను కన్నులారా చూచిన విషయం అన్నీ ఇమిడి ఉండేవి.

తమిళంలో కూడా విరివిగా వ్రాశాడు. ప్రాచీన సంగం సాహిత్యంలోని మొక్కలు, జంతువుల ప్రస్తావనలను గుర్తించి వివరించడంలో ఈయన దిట్ట. తమిళంలో ఒక అపరాధ పరిశోధక నవలను కూడా రచించాడు.

ఛాయాగ్రహణం

నాటి పరిస్థితి

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో భారతదేశపు అడవులలో కెమెరా కంటే తుపాకీయే ఎక్కువగా కనిపించేది. సంయుక్త రాష్ట్రాలలో (నేటి ఉత్తర ప్రదేశ్, ఉత్తరాఖండ్) అటవీ అధికారిగా ఉన్న ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ (1893-1970) ఈ పద్ధతిని మార్చినవారిలో ముఖ్యుడు. పులి నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి, అది తగలగానే మెరుపు దీపం వెలిగి ఫొటో పడే ఏర్పాటు చేసి, 1927లో తన చిత్రాలతో గ్రంథం ప్రచురించాడు. ఈ పద్ధతిలో ఛాయాగ్రాహకుడు అక్కడ ఉండనవసరం లేదు. జంతువే తన చిత్రాన్ని తాను తీసుకుంటుంది.

ఇందుకు భిన్నమైన మార్గం దూరం నుండి టెలీఫోటో కటకంతో చిత్రించడం. మామూలు కటకాల నాభ్యంతరాన్ని పెంచుకుంటూ పోతే గొట్టం కూడా అంతే పొడవుగా పెరుగుతుంది. ముందు కుంభాకార కటకాల సమూహాన్ని, వెనుక పుటాకార కటకాల సమూహాన్ని అమర్చితే నాభ్యంతరం కంటే గొట్టం పొట్టిగా ఉంటుంది. ఈ అమరికనే టెలీఫోటో అంటారు. 1891లో ఇంగ్లాండులో థామస్ రుడోల్ఫస్ డాల్‌మేయర్, ఇంచుమించు అదే సమయంలో జర్మనీలో మీథె, స్టైన్‌హైల్ దీనిని ఆచరణలోకి తెచ్చారు. అయినను కృష్ణన్ పనిచేయడం ప్రారంభించిన నాటికి ఇటువంటి పరికరాలు భారతదేశంలో ఖరీదైనవి, దిగుమతి చేసుకోవలసినవి.

సూపర్ పాండెరోసా

స్వతంత్ర రచయితగా కృష్ణన్ ఆదాయం పరిమితం. తనకు దొరికిన కెమెరాను, వేరొక తయారీదారుని టెలీఫోటో కటకాన్ని, ఇతర ఉపకరణాలను తానే అమర్చి, ఒకే పెద్ద పరికరంగా జతచేసుకున్నాడు. దీనికి ఈయన సరదాగా పెట్టుకున్న పేరు సూపర్ పాండెరోసా. బరువైనది అనే అర్థం ఆ పేరులో ధ్వనిస్తుంది.

అస్సాములో తేయాకు తోటల యజమాని, ప్రకృతి పరిశీలకుడు అయిన ఇ. పి. గీ (1904-1968), 1964లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ విచిత్ర పరికరం గురించి హాస్యంగా ప్రస్తావించాడు. తీగలు, పట్టీలు కూడా అందులో ఎక్కడో ఉండే ఉంటాయని ఆయన భావం.

ఈ పరికరం చూపరులకు నవ్వు తెప్పించినా, దాని వెనుక స్పష్టమైన ఆలోచన కనిపిస్తుంది. కృష్ణన్ ఎక్కువగా కాలినడకన, కొన్నిసార్లు మచ్చిక ఏనుగుపై తిరిగేవాడు. కనుక ఆ కటకాన్ని చేతబట్టి ఉపయోగించగలగాలి. ఏనుగు వీపు నిశ్చలంగా ఉండదు గనుక కెమెరా కదలికను తట్టుకొనేటంత వేగంగా షట్టరు పనిచేయాలి. చెట్ల నీడలో కూడా వెలుతురు సరిపోవాలి. ఈ మూడింటిని ఒకేసారి తీర్చే పరికరం అంగడిలో దొరకనప్పుడు భాగాలు కూర్చుకోవడమే మార్గం.

నలుపు తెలుపు చిత్రాలు

కృష్ణన్ నలుపు తెలుపు చిత్రాలనే అభిమానించాడు. సాంకేతికంగా కూడా దీనికి బలం ఉన్నది. 1961 వరకు లభించిన కోడాక్రోమ్ రంగుల ఫిల్ము వేగం 10 ఎ.ఎస్.ఎ. మాత్రమే. నలుపు తెలుపు ఫిల్ములు అంతకు ఎన్నో రెట్లు వేగవంతమైనవి. పొడవైన కటకం కెమెరా కదలికను కూడా పెద్దది చేసి చూపుతుంది గనుక, అడవి నీడలో నిదానపు ఫిల్ముతో స్పష్టమైన చిత్రం తీయడం దాదాపు అసాధ్యం. పైగా ఏనుగు చర్మంపై ముడతలు, అడవి దున్న కండరాలు, కొమ్ముల వంపు వంటివి వెలుగునీడలలోనే బాగా తెలుస్తాయి. ఈయన చిత్రాలు జంతువు అందాన్ని చూపడంతో పాటు దాని వయసు, ఆరోగ్యం, మందలో దాని స్థానం తెలిపే సాక్ష్యాలుగా కూడా నిలిచాయి.

ఏనుగులు

ముదుమలై, బందీపూర్, పెరియార్ అడవులలో కృష్ణన్ ఏనుగులను దీర్ఘకాలం పరిశీలించాడు. కాలినడకన ఏనుగుల గుంపును సమీపించడం ప్రాణాపాయం. గాలి వాటం ఎటు ఉన్నదో, గుంపులో పిల్లలు ఉన్నవో లేవో, తప్పుకోవడానికి దారి ఉన్నదో లేదో తెలియనివాడు ఎంత పొడవైన కటకం పట్టుకున్నా ప్రయోజనం లేదు. ఏనుగు చెవులు, తొండం, నిలబడే తీరు చూచి అది ఎంతవరకు సహిస్తుందో తెలుసుకొని, అక్కడే ఆగి చిత్రించాలి. ఈ దూరాన్ని నిర్ణయించేది జంతువే. కటకం ఆ దూరానికి తగినట్లు ఉండాలి.

సర్వేక్షణ

1968లో కృష్ణన్‌కు జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్ లభించినది. దీని సహాయంతో ద్వీపకల్ప భారతదేశంలోని పెద్ద క్షీరదాలపై జీవావరణ సర్వేక్షణ జరిపాడు. దీని ఫలితాలు బొంబాయి సహజ చరిత్ర సంఘం పత్రికలో 1970ల తొలి సంవత్సరాలలో భాగాలుగా వెలువడ్డాయి. 1975లో అదే సంఘం వీటిని "ఇండియాస్ వైల్డ్‌లైఫ్ ఇన్ 1959-70" అనే గ్రంథంగా ప్రచురించినది.

విశ్వవిద్యాలయ పరిశోధకుడు కాని వ్యక్తి, ఎక్కువగా తన నోటుపుస్తకం, తన కెమెరా ఆధారంగా చేసిన కృషి ఇది. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది 1972లో. పులుల సంరక్షణకు ప్రాజెక్ట్ టైగర్ మొదలైనది 1973లో. ఈ మార్పులకు ముందటి దశాబ్దంలో దక్షిణాది అడవుల స్థితి ఎలా ఉండేదో తెలిపే రికార్డుగా ఈ గ్రంథానికి ప్రత్యేక విలువ ఉన్నది. కృష్ణన్ భారత వన్యప్రాణి మండలిలో సభ్యుడుగా కూడా సేవలందించాడు.

భావాలు

ఒక దేశపు ప్రత్యేకత దాని స్థానిక వృక్ష జంతు సంపదలో ఉంటుందని కృష్ణన్ నమ్మాడు. అడవులలోను, నగర వీధులలోను విదేశీ వృక్షాలను విరివిగా నాటడాన్ని విమర్శించాడు. అడవిని సినిమా వలె చూచి పోయే సందర్శకుల ధోరణి ఈయనకు నచ్చేది కాదు. తాను నమ్మినదానిని మొహమాటం లేకుండా చెప్పే స్వభావం వలన ఈయనకు ముక్కుసూటి మనిషి అనే పేరు వచ్చినది. ప్రభుత్వపు మండలిలో కూర్చున్నా, స్వతంత్ర రచయితగా తన విమర్శ హక్కును వదులుకోలేదు.

పురస్కారాలు

- 1968: జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్
- పద్మశ్రీ
- 1995: ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం వారి గ్లోబల్ 500 గౌరవ పట్టిక

మరణం

కృష్ణన్ 1996 ఫిబ్రవరి 18న తన 83 సంవత్సరాల వయసులో మద్రాసులో మరణించాడు. "కంట్రీ నోట్‌బుక్" శీర్షికలో చివరి వ్యాసం కూడా అదే దినమున ప్రచురితమైనది. మద్రాసు ప్రకృతి పరిశీలకుల సంఘం ఈయన జ్ఞాపకార్థం యువ ప్రకృతి రచయితలకు ఎం. కృష్ణన్ స్మారక పురస్కారాన్ని నెలకొల్పింది.

కృష్ణన్ పద్ధతి - పల్నాటి అడవులు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు పల్నాడు కూడా కృష్ణన్ నివసించిన మద్రాసు రాష్ట్రంలోనిదే. గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాగా ఏర్పడ్డాయి. కృష్ణా నది ఒడ్డున మాచర్ల దిక్కునున్న అడవులు నల్లమల అడవులతో కలుస్తాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించబడి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ క్రిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో దేశంలోకెల్లా పెద్దదిగా పేరుపొందినది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోని భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడినది.

ఇవి ఆకురాల్చు అడవులు, ముళ్ళపొదలు. వేసవిలో ఆకులు రాలి చూపు దూరం సాగుతుంది. దుప్పి, కణితి, కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత ఈ ప్రాంతపు జంతువులు. చంద్రవంక వాగుపై నున్న ఎత్తిపోతల జలపాతం వద్ద మొసళ్ళ పెంపక కేంద్రం ఉన్నది. నరసరావుపేట వైపు పొలాలు, చెరువులు, కోటప్పకొండ పరిసరాలు పక్షులకు అనుకూలమైనవి. ఇక్కడ చిన్న మిర్రర్‌లెస్ కెమెరాతో తిరిగేవారికి ఏ టెలీఫోటో కటకం తగినది అన్న ప్రశ్నకు కృష్ణన్ మార్గం నుండి కొంత సమాధానం లభిస్తుంది.

ఎంత దూరం, ఎంత కటకం

2008లో ఒలింపస్, పానసోనిక్ సంస్థలు ప్రకటించిన మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిలో చిత్రం పడే సెన్సరు వెడల్పు 17.3 మి.మీ. పాత 35 మి.మీ. ఫిల్ము చట్రం వెడల్పు 36 మి.మీ. కనుక ఈ కెమెరాకు తగిలించిన 300 మి.మీ. కటకం, ఫిల్ము కెమెరాపై 600 మి.మీ. కటకం చూపినంత ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది. కటకం నాభ్యంతరం మాత్రం మారదు. కృష్ణన్ మోసిన బరువుతో పోలిస్తే ఇది పెద్ద సౌలభ్యం.

చిత్రంలో జంతువు ఎంత పరిమాణంలో కనిపిస్తుందో తెలుసుకొనుటకు సులభమైన లెక్క ఉన్నది. జంతువు పొడవును నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగించాలి. 50 మీటర్ల దూరంలో పక్కకు నిలబడిన 1.5 మీటర్ల దుప్పి 300 మి.మీ. కటకంతో సెన్సరుపై 9 మి.మీ. పొడవున పడుతుంది. అనగా చట్రంలో సగానికి కొంచెం ఎక్కువ. 15 మీటర్ల దూరంలోని 30 సెం.మీ. పాలపిట్ట 6 మి.మీ. పడుతుంది. అది చట్రంలో మూడవ వంతు. దూరాన్ని సగం చేసినా, నాభ్యంతరాన్ని రెట్టింపు చేసినా పరిమాణంలో ఫలితం ఒకటే. మొదటిదానికి ఓర్పు కావాలి, రెండవదానికి డబ్బు కావాలి.

ఎండ, వెలుతురు

పల్నాడులోని రెంటచింతల వేసవి ఎండలకు పేరుపొందినది. ఎండ ముదిరిన తరువాత నేలపై నుండి లేచే వేడి గాలి కాంతిని వంకర పరుస్తుంది. దూరపు జంతువు నీటిలో కదలినట్లు కనిపిస్తుంది. ఈ దోషాన్ని ఎంత ఖరీదైన కటకమూ సరిచేయలేదు. పొడవైన కటకం దానిని ఇంకా స్పష్టంగా చూపుతుంది. కాబట్టి వేసవిలో తెల్లవారు జామున, సాయంత్రం మాత్రమే దూరపు చిత్రాలు బాగుంటాయి. ఆ వేళలలో వెలుతురు తక్కువ. అందువలన అపెర్చర్ పెద్దదిగా గల కటకానికి ప్రాధాన్యం వస్తుంది. ఎఫ్/4 కటకం లోనికి వచ్చే వెలుతురు, ఎఫ్/6.3 కటకంలో వచ్చేదానికి సుమారు రెండున్నర రెట్లు.

బరువు

ఈ పద్ధతిలో ఒలింపస్ 75-300 మి.మీ. కటకం బరువు 423 గ్రాములు, పానసోనిక్ 100-400 మి.మీ. కటకం 985 గ్రాములు, ఒలింపస్ 300 మి.మీ. ఎఫ్/4 కటకం ట్రైపాడ్ పట్టీ లేకుండా 1,270 గ్రాములు. మొదటిది పగటి వెలుతురులో పొలాల గట్లపై, చెరువుల వద్ద పక్షులను చూస్తూ నడిచేవారికి సరిపోతుంది. రెండవది వాహనం నుండి జంతువు దూరం మారుతూ ఉన్నప్పుడు ఉపయోగకరం. మూడవది తెల్లవారు జామున, సాయంత్రం వేళలలో పనికివస్తుంది గాని, దగ్గరకు వచ్చిన జంతువు చట్రంలో పట్టదు. ఎత్తిపోతల వద్ద మొసలి వలె గంటల తరబడి కదలని జంతువుకు ట్రైపాడ్ ఉంటే చిన్న అపెర్చర్ గల తక్కువ ధర కటకమైనా చాలును.

ఏ కటకమైనా ఇంటి వద్ద అలమరలో ఉంటే ప్రయోజనం లేదు. నడకలో రోజంతా భుజాన ఉండగలిగినదే ఎక్కువ చిత్రాలను ఇస్తుంది.

దూరానికి హద్దు

కృష్ణన్ కాలంలో వలె పులుల అభయారణ్యంలో ఒంటరిగా కాలినడకన తిరగడం నేడు కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అటవీశాఖ అనుమతి, వారి నియమాల పాలన అవసరం. పక్షుల గూళ్ళను, గుడ్లను కదిలించడం కూడా ఆ చట్టంలో వేట క్రిందనే లెక్కించబడుతుంది. అందుచేత దగ్గరకు వెళ్ళడానికి కూడా హద్దు ఉన్నది. మేత మేస్తున్న దుప్పి తలయెత్తి చెవులు నిక్కించి చూస్తే అప్పటికే హద్దు దాటినట్లు. పక్షి గూటికి తిరిగి రాకుండా దూరపు కొమ్మపై కూర్చుంటే వెనుకకు తగ్గవలెను. ఈ హద్దును పాటిస్తూ చిత్రం తీయడానికే టెలీఫోటో కటకం. హద్దు దాటి దగ్గరకు పోయినప్పుడు అది తన పని మరచినట్లే.

ముఖ్య రచనలు

- జంగిల్ అండ్ బ్యాక్‌యార్డ్ (1961)
- ఇండియాస్ వైల్డ్‌లైఫ్ ఇన్ 1959-70 (1975)
- నైట్స్ అండ్ డేస్ (1985)

మరణానంతరం వెలువడిన సంకలనాలు:

- నేచర్స్ స్పోక్స్‌మన్ (2000), సంపాదకుడు రామచంద్ర గుహ
- మళైక్కాలముమ్ కుయిలోసైయుమ్ (తమిళం, 2002), సంపాదకుడు థియొడోర్ భాస్కరన్
- ఐ ఇన్ ది జంగిల్ (2006), ఛాయాచిత్రాలు, వ్యాసాలు